అడ్రసు ఎవరిచ్చారో వాళ్లనే అడగండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో డ్రైవర్ల (కార్డుల్ని ఓఎస్‌తో పనిచేయించే ప్రోగ్రాముల) గురించినవే ఎక్కువ. అడిగిన తీరు వేరైనా విషయం ఒకటే. కంప్యూటర్ ఆన్ కాగానే బయాస్ (బోర్డు మీద ముందుగా నడిచే ప్రోగ్రామ్, అంటే ఫర్మ్‌వేర్) ఒక్కో కార్డుకీ ఇంత మెమరీ స్థలం, ఇన్ని పోర్టులు, ఈ ఇంటరప్టు (ప్రాసెసర్‌ను పిలిచే సిగ్నల్) అని పంచేస్తుంది. పంచినదాన్ని డ్రైవర్ ఎవరి చేతినుంచి తీసుకోవాలి? మిగతా ఉత్తరాలు వచ్చే నెలకు పెట్టి వీటినే తీసుకున్నాను. ఫంక్షన్ల పేర్లు తెలుగు లిపిలో ఇస్తున్నాను. కోడ్‌లో కొట్టేటప్పుడు లైనక్స్ పేర్లకు మాటల మధ్య అండర్‌స్కోర్లు మీరే పెట్టుకోండి, విండోస్ పేర్లు కలిపి రాయండి.

మాస్టారూ, ఎంటెక్ ప్రాజెక్టు కోసం ఎఫ్‌పీజీఏ (మనకు కావాల్సిన సర్క్యూట్ ఎక్కించుకునే చిప్) కార్డుకు లైనక్స్ డ్రైవర్ రాశాను. ఎల్ఎస్‌పీసీఐలో (పీసీఐ స్లాట్లలోని కార్డుల జాబితా చూపే కమాండ్) కనిపించిన అడ్రసును హెడర్ ఫైల్లో డిఫైన్ చేసి, దాన్నే ఐఓరీమ్యాప్ చేశాను, అంటే డ్రైవర్ చదవగలిగేలా మ్యాప్ చేశాను. ల్యాబ్‌లో మొదటినుంచీ బాగానే పనిచేస్తోంది. డెమో కోసం హెచ్ఓడీ గారి గదిలో సిస్టమ్‌కు మారిస్తే ఏ రిజిస్టర్ చదివినా హెక్సాలో అన్నీ ఎఫ్‌లే (అన్ని బిట్లూ ఒకట్లే) వస్తున్నాయి. కార్డు పాడైందా? కార్డు అడ్రసు ఉండే బార్ రిజిస్టర్‌లో పాత అడ్రసును నేనే రాసేస్తే సరిపోతుందా? టెన్షన్‌గా ఉంది, డెమో దగ్గరపడింది.
– ఎంటెక్ విద్యార్థి, వరంగల్

కార్డుకేం కాలేదు. తేడా అంతా హెడర్ ఫైల్లోని ఆ ఒక్క లైన్‌లోనే ఉంది. ల్యాబ్‌లో అది ఇన్నాళ్లూ పనిచేసింది కూడా అదృష్టం మీదే.

కార్డు తయారుచేసినవాడు దానికి అడ్రసు పెట్టడు. 'నాకు ఒక మెగాబైటు మెమరీ స్థలం కావాలి' అని మాత్రం అడుగుతాడు. అడిగే చోటు పేరే బేస్ అడ్రస్ రిజిస్టర్, మనం బార్ అంటున్నది. మామూలు పీసీఐ కార్డులో ఇవి ఆరు దాకా ఉంటాయి, కాన్ఫిగరేషన్ స్పేస్‌లో (కార్డు తన వివరాలు పెట్టే పట్టికలో) హెక్సా 10 దగ్గర మొదలై 24 దగ్గర ఆఖరుది. బయాస్ వచ్చి బార్ నిండా ఒకట్లు రాసి, మళ్లీ చదువుతుంది. ఒక మెగాబైటు అడిగిన 32 బిట్ల బార్‌లో పై 12 బిట్లు మాత్రమే రాసినవి రాసినట్టు నిలుస్తాయి, కింది 20 బిట్లు మారవు. సైజు అలా తేలుతుంది. అట్టడుగు నాలుగు బిట్లలో ఇది మెమరీనా పోర్టా, 32 బిట్లదా 64 బిట్లదా, ప్రీఫెచ్ చెయ్యొచ్చా అన్న వివరం ఉంటుంది. ఇలా బోర్డు మీదున్న అందరి కోరికలూ పోగేసి, ఒకరి మీద ఒకరు పడకుండా అడ్రసులు సర్ది, పైనున్న బ్రిడ్జిలకు (ఒక బస్సును ఇంకో బస్సుతో కలిపే చిప్పులకు) కూడా 'ఈ హద్దునుంచి ఆ హద్దు దాకా వచ్చినవాటిని కిందికి వదులు' అని విండో పెడుతుంది. హెచ్ఓడీ గారి సిస్టమ్‌లో ర్యామ్ వేరు, గ్రాఫిక్స్ వేరు, బయాస్ వేరు. కాబట్టి మీ కార్డుకు వేరే చోటు దక్కింది. మీరు మ్యాప్ చేసుకున్న పాత చోట ఎవరూ లేరు. పీసీల్లో ఎవరూ పలకని చోట చదివితే వచ్చేది అన్నీ ఎఫ్‌లే.

ఇక బార్‌లో మీరే రాయడం గురించి. లేఅవుట్ వేసి, ప్రహరీ కట్టి, ప్లాట్లన్నీ రిజిస్ట్రేషన్ కూడా అయిపోయాక మీరు వెళ్లి మీ గేటుకు వేరే ఇంటి నంబరు తగిలించుకుంటే పోస్టు రాదు. మీ బార్ మారినా బ్రిడ్జి విండో మారలేదు, ఆ అడ్రసుకు వచ్చిన రీడ్ మీ దాకా దిగదు. కెర్నల్ (ఓఎస్ మూలభాగం) రిసోర్సు చెట్టులో, అంటే ఎవరికి ఏ స్థలం ఇచ్చారన్న పట్టికలో కూడా పాత లెక్కే ఉంటుంది. రేపు ఆ కొత్త అడ్రసును ఇంకో కార్డుకు కెర్నల్ ఇచ్చిందనుకోండి, ఇద్దరూ ఒకే చోట కూర్చుంటారు. ఆ తర్వాత వచ్చే హ్యాంగ్‌కు కారణం వెతకడం కంటే ప్రాజెక్టు మార్చుకోవడం తేలిక. సైజు తెలుసుకోవడానికి డ్రైవర్‌లో మళ్లీ ఒకట్లు రాసి చూసే కోడ్ కూడా కొందరు విద్యార్థుల దగ్గర చూశాను. ఆ పని కెర్నల్ పీసీఐ కోర్ బూట్‌లోనే, డీకోడింగ్ (కార్డు అడ్రసులకు పలకడం) ఆపి మరీ, చేసేసింది. నడుస్తున్న కార్డు మీద మీరు చెయ్యకండి.

కార్డు కనబడగానే కెర్నల్ పిలిచే ప్రోబ్ ఫంక్షన్‌లో చెయ్యాల్సింది చెబుతాను. ముందు 'పీసీఐ ఎనేబుల్ డివైస్'. బయాస్ అడ్రసు ఇచ్చినా కమాండ్ రిజిస్టర్‌లో మెమరీ బిట్ ఆన్ చేసి ఉంటుందన్న నమ్మకం లేదు, ఆ పని ఇది చేస్తుంది. తర్వాత 'పీసీఐ రిక్వెస్ట్ రీజియన్స్', అంటే ఈ స్థలం నా డ్రైవర్‌ది అని పేరు రాయించుకోవడం. అప్పటికే ఇంకొకరు తీసుకుని ఉంటే ఇక్కడే ఎర్రర్ వస్తుంది, రావాలి కూడా. ఆ ఎర్రర్‌ను పట్టించుకోకుండా ముందుకు వెళ్లే కోడ్‌ను నేను దిద్దను, వెనక్కి పంపేస్తాను. ఆ తర్వాత 'పీసీఐ రిసోర్స్ ఫ్లాగ్స్' చూసి ఇది మెమరీయే అని, 'పీసీఐ రిసోర్స్ లెన్' చూసి మీ ఆఖరి రిజిస్టర్ దాకా చోటు ఉందని నిర్ధారించుకోండి. ఎఫ్‌పీజీఏలో ఎవరో పాత బిట్‌స్ట్రీమ్ (చిప్‌లోకి ఎక్కించే డిజైన్ ఫైలు) వదిలేసి వెళ్తే బార్ చిన్నదై ఉండొచ్చు. అన్నీ సరిపోతే 'పీసీఐ ఐఓమ్యాప్'కు బార్ నంబరూ సున్నా పొడవూ ఇస్తే మొత్తం బార్‌ను మ్యాప్ చేసి పాయింటర్ ఇస్తుంది. మీ కోడ్‌లో ఎక్కడా అడ్రసు అంకె కనిపించదు, కనిపించకూడదు. కార్డు డీఎంఏ చేస్తుంటే (ప్రాసెసర్‌తో పనిలేకుండా ర్యామ్‌ను నేరుగా తాకుతుంటే) 'పీసీఐ సెట్ మాస్టర్' మర్చిపోకండి.

ఇంటరప్టుదీ ఇదే కథ. కాన్ఫిగరేషన్ స్పేస్‌లో హెక్సా 3సీ దగ్గర ఇంటరప్ట్ లైన్ అని ఒక బైటు ఉంటుంది, అందులో 11 అనో 10 అనో బయాస్ రాసిపెడుతుంది. చాలామంది దాన్ని చదివి 'రిక్వెస్ట్ ఐఆర్‌క్యూ' ఫంక్షన్‌కు ఇచ్చేస్తారు (ఐఆర్‌క్యూ అంటే ఇంటరప్టే). ఆ అంకె పాత 8259 ఇంటరప్టు చిప్పుల కాలంనాటి దారి. ఐఓ ఏపిక్ (వాటి తర్వాత వచ్చిన ఇంటరప్టు కంట్రోలర్) వాడుతున్న సిస్టమ్‌లో అది నిజమైన ఇంటరప్టు నంబరు కానక్కర్లేదు, ఎంఎస్ఐ (ఇంటరప్టును మెమరీ రాతగా పంపే పద్ధతి) వాడితే అసలు సంబంధమే లేదు. 'పీసీఐ అలాక్ ఐఆర్‌క్యూ వెక్టర్స్' అని అడిగి, వచ్చినదాన్ని 'పీసీఐ ఐఆర్‌క్యూ వెక్టర్' ద్వారా తీసుకోండి.

'అంత చుట్టెందుకు, బార్‌నే కాన్ఫిగరేషన్ స్పేస్‌లోంచి చదివి ఐఓరీమ్యాప్‌కు ఇస్తే పోదా, ఎలాగూ బయాస్ రాసిన అడ్రసే కదా' అని తర్వాతి ఉత్తరం రాస్తారని తెలుసు. రాస్ప్‌బెర్రీ పై 4 తీసుకోండి. అందులో యూఎస్‌బీ చిప్ పీసీఐ ఎక్స్‌ప్రెస్ వెనక ఉంది. వాళ్ల కెర్నల్ బూట్ లాగ్‌లో, బస్సు వైపు సీ పక్కన ఏడు సున్నాల దగ్గర మొదలయ్యే స్థలం ప్రాసెసర్ వైపు 6 పక్కన ఎనిమిది సున్నాల దగ్గర కనిపిస్తుందని రాసి ఉంటుంది. బార్‌లో ఉండేది బస్సు అడ్రసు. ప్రాసెసర్‌కు కావాల్సింది రెండోది. బార్ చదివి మ్యాప్ చేస్తే అక్కడ తగిలేది యూఎస్‌బీ చిప్ కాదు, మరొకటి. 'పీసీఐ రిసోర్స్ స్టార్ట్' ఇచ్చేది ప్రాసెసర్ వైపు అడ్రసు. మీ ల్యాబ్ పీసీలో రెండూ ఒకటే కాబట్టి ఈ తేడా మీకు ఎప్పటికీ కనిపించదు.

డెమోకు ముందు ఒక పని చెయ్యండి. ప్రాక్ కింద ఐఓమెమ్ ఫైలును సుడోతో చూడండి (సుడో లేకపోతే అడ్రసులన్నీ సున్నాలుగా చూపిస్తుంది). మీ కార్డు బస్ నంబరు, దాని కింద ఓ అడుగు లోపలికి మీ డ్రైవర్ పేరు కనిపించాలి.

సార్, విండోస్ కేఎండీఎఫ్ (డ్రైవర్లు రాయడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఫ్రేమ్‌వర్క్) డ్రైవర్‌లో ప్రిపేర్ హార్డ్‌వేర్ కాల్‌బ్యాక్‌కు రెండు రిసోర్సు జాబితాలు వస్తాయి, రా అనీ ట్రాన్స్‌లేటెడ్ అనీ. నా మెషీన్‌లో రెండింటిలోనూ ఒకే మెమరీ అడ్రసు కనిపిస్తోంది. హార్డ్‌వేర్‌కు దగ్గరగా ఉండేది రా కాబట్టి అదే వాడమని మా టీమ్ లీడ్ అంటున్నారు. ఇంకోటి, జాబితాలో మొదటి డిస్క్రిప్టర్‌ను (మొదటి పద్దును) బార్ సున్నా అనుకోవచ్చా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, బెంగళూరు

లీడ్ గారితో వాదన వద్దమ్మా, కోడ్ మాత్రం ట్రాన్స్‌లేటెడ్‌కు మార్చండి. పై ఉత్తరానికి చెప్పిందే ఇక్కడా వర్తిస్తుంది. రా జాబితా బస్సు చూపులో రాసినది, ట్రాన్స్‌లేటెడ్ జాబితా ప్రాసెసర్ చూపులో రాసినది. 'ఎంఎం మ్యాప్ ఐఓ స్పేస్ ఎక్స్'కు ఇవ్వాల్సింది రెండోదే. ఇంటెల్, ఏఎండీ పీసీల్లో మెమరీ అడ్రసులు రెంటిలోనూ సాధారణంగా ఒకటే కాబట్టి తప్పు కోడ్ కూడా పాసైపోతుంది. ఇంటరప్టు డిస్క్రిప్టర్ పక్కపక్కన పెట్టి చూడండి, తేడా అక్కడ తెలుస్తుంది. ఇంతకుముందు ఇంటెల్ ఇటానియం సర్వర్లలో రా జాబితాలో పోర్టుగా ఉన్నది ట్రాన్స్‌లేటెడ్‌లో మెమరీగా మారి వచ్చేది. అందుకే డిస్క్రిప్టర్ రకాన్ని కూడా ట్రాన్స్‌లేటెడ్‌లోనే చూడాలి.

మొదటిది బార్ సున్నా అనుకోకండి. కార్డు వాడని బార్‌కు డిస్క్రిప్టరే ఉండదు. 64 బిట్ల బార్ రెండు రిజిస్టర్ల చోటు ఆక్రమించినా జాబితాలో ఒక్కటిగానే వస్తుంది. మధ్యలో 'డివైస్ ప్రైవేట్' రకం డిస్క్రిప్టర్లు కూడా వస్తాయి, అవి పీసీఐ బస్ డ్రైవర్ సొంతానివి, దాటేయండి. వరసను లెక్కపెట్టడం కాకుండా రకం, పొడవు చూసి పోల్చుకోండి. 4 గిగాబైట్లు, అంతకు మించిన స్థలమైతే 'మెమరీ లార్జ్' అనే వేరే రకంగా వస్తుంది. మీ స్విచ్ స్టేట్‌మెంట్‌లో దానికి కేస్ లేకపోతే డ్రైవర్ చప్పుడు చెయ్యకుండా దాన్ని వదిలేస్తుంది. పొడవు విప్పడానికి 'ఆర్‌టీఎల్ సీఎం డీకోడ్ మెమ్ ఐఓ రిసోర్స్' ఉంది.

మీరు అడగనిది ఒకటి చెబుతాను. మ్యాప్ చేసిన పాయింటర్‌ను గ్లోబల్ వేరియబుల్‌లో పెట్టి, డ్రైవర్ బతికున్నంతకాలం అదే ఉంటుందనుకోకండి. విండోస్‌కు రీబ్యాలెన్స్ అని ఒక హక్కు ఉంది. కొత్త పరికరం వచ్చి చోటు చాలకపోతే ఉన్నవాటిని ఆపి, సర్ది, వేరే అడ్రసులతో మళ్లీ స్టార్ట్ చేయగలదు. అప్పుడు మీ రిలీజ్ హార్డ్‌వేర్ కాల్‌బ్యాక్ వస్తుంది, వెంటనే కొత్త జాబితాతో ప్రిపేర్ హార్డ్‌వేర్ మళ్లీ వస్తుంది. మొదటిదాంట్లో అన్‌మ్యాప్ చేసి, రెండోదాంట్లో కొత్తగా మ్యాప్ చేసుకునేలా రాస్తే మీ పని అయినట్టే. సిస్టమ్ నడుస్తుండగానే తగిలించే థండర్‌బోల్ట్ డాక్‌లు వచ్చాక దీన్ని పుస్తకంలో మాటగా తీసిపారేయడానికి లేదు.

మాస్టారు గారికి నమస్కారం. పాత పెంటియం సిస్టమ్ ఒకటి దాచుకున్నాను, మా నాన్నగారి హరికథల క్యాసెట్లు ఎక్కించడానికి. అందులో జంపర్లున్న (చేత్తో పిన్నులు మార్చి సెట్ చేసే) ఐఎస్ఏ (పాతకాలపు స్లాటు) సౌండ్ కార్డు ఉంది. నెట్‌వర్క్ కార్డు పెట్టగానే సౌండ్ ఆగిపోతోంది. బయాస్‌లో 'ప్లగ్ అండ్ ప్లే ఓఎస్' అన్నచోట ఎస్ పెట్టాలా, నో పెట్టాలా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

ఆ ఆప్షన్ కన్నా దాని కిందది ముఖ్యమండీ. జంపర్ల కార్డు బయాస్‌కు కనిపించదు, అది ఏ ఇంటరప్టు మీద కూర్చుందో చెప్పే మార్గం దానికి లేదు. సౌండ్ కార్డులు మామూలుగా పోర్టు హెక్సా 220, ఇంటరప్టు 5, డీఎంఏ 1 మీద ఉంటాయి. 5 ఖాళీగా ఉందనుకుని బయాస్ మీ నెట్‌వర్క్ కార్డుకు ఇచ్చి ఉంటుంది. పీఎన్‌పీ/పీసీఐ మెనూలోకి వెళ్లి ఐఆర్‌క్యూ 5ను 'లెగసీ ఐఎస్ఏ' అని పెట్టండి, డీఎంఏ 1ను కూడా. ముందు కార్డు మీద జంపర్లు నిజంగా 5 మీదే ఉన్నాయా చూసుకోండి. ఇక అడిగినదానికి జవాబు: నో పెడితే అన్ని కార్డులనూ బయాసే అమరుస్తుంది, ఎస్ పెడితే బూట్‌కు కావాల్సినవి అమర్చి మిగతావి ఓఎస్‌కు వదిలేస్తుంది. నో పెట్టండి.

సార్, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మాకు సర్వీస్ షాపు ఉంది. ఒక కస్టమర్ ఏఐ నేర్చుకోవడానికని సెకండ్ హ్యాండ్‌లో ఎన్‌విడియా టెస్లా కే80 కార్డు తెచ్చాడు. మామూలు డెస్క్‌టాప్ బోర్డులో పెడితే డివైస్ మేనేజర్‌లో కోడ్ 12 వస్తోంది. రిసోర్సులు చాలడం లేదని మెసేజ్. 32 జీబీ ర్యామ్ ఉంది. ఇంకో 32 వేస్తే వస్తుందా? డ్రైవర్ వెర్షన్లు మార్చి మార్చి విసిగిపోయాం.
– సికింద్రాబాద్

ర్యామ్ అమ్మకండి, తర్వాత కస్టమర్ మీ మీదికొస్తాడు. ఇక్కడ చాలనిది ర్యామ్ కాదు, అడ్రసులు.

కే80లో ఒకే బోర్డు మీద రెండు జీపీయూలు ఉంటాయి. ఒక్కోటీ 16 గిగాబైట్ల బార్ అడుగుతుంది. బార్ ఎంత పెద్దదో అంత పెద్ద అంకెతో భాగింపబడే అడ్రసు దగ్గరే మొదలవ్వాలన్నది పీసీఐ నియమం. 4 గిగాబైట్ల కింద ఉన్న స్థలంలో ర్యామ్, బయాస్ ఫ్లాష్, ఏపిక్, సౌండ్, నెట్‌వర్క్ అన్నీ సర్దుకోవాలి. అందులో 16 గిగాబైట్లకు చోటెక్కడ? కాబట్టి 4 గిగాబైట్ల పైన ఇవ్వాలి. బయాస్‌లో 'అబవ్ 4జీ డీకోడింగ్' అనే ఆప్షన్ అందుకే. అది ఆన్ చేసి, సీఎస్ఎం (పాత బయాస్ తీరులో బూట్ చేసే ఏర్పాటు) ఆఫ్ చేసి, యూఈఎఫ్ఐ (కొత్త తరం ఫర్మ్‌వేర్) పద్ధతిలో బూట్ చెయ్యండి. విండోస్ పాత ఎంబీఆర్ పార్టిషన్ల డిస్కు మీద ఉంటే సీఎస్ఎం ఆపగానే బూట్ కాదు, అది ముందే చూసుకోండి. ఆప్షన్ కనిపించకపోతే ఆ బోర్డుకు కొత్త బయాస్ ఉందేమో వెతకండి. అప్పటికీ లేకపోతే ఆ బోర్డులో ఆ కార్డు మీద ఆశ వదులుకోమని కస్టమర్‌కు మొహమాటం లేకుండా చెప్పేయండి. వేరే కార్డులు తీసేసి, ఆన్‌బోర్డు సౌండ్ ఆపేసి చోటు మిగిల్చే చిట్కా చిన్న బార్లకు పనిచేస్తుంది, దీనికి కాదు.

డ్రైవర్ మార్చి లాభం ఎందుకు లేదంటే, కోడ్ 12 వచ్చిందంటే విండోస్ రిసోర్సులు పంచే దశలోనే ఆగిపోయింది. డ్రైవర్‌కు స్టార్ట్ అన్న కబురే వెళ్లలేదు.

ఎలాగూ చేతిలో కార్డు ఉంది కాబట్టి ఇంకో రెండు మాటలు. కే80కు సొంత ఫ్యాన్ ఉండదు, సర్వర్ క్యాబినెట్ గాలి మీద ఆధారపడిన కార్డు అది, 300 వాట్లు లాగుతుంది. దాని ఎనిమిది పిన్నుల పవర్ సాకెట్ గ్రాఫిక్స్ కార్డులది కాదు, సీపీయూకు ఇచ్చే ఈపీఎస్ రకం. గ్రాఫిక్స్ కేబుల్ బలవంతంగా దూర్చొద్దు. ఇవన్నీ లెక్కేస్తే నేర్చుకునే కుర్రాడికి అది చవక కార్డు కాదనే నా అభిప్రాయం.

మా ఆఫీసులో ఎఫ్‌పీజీఏ కార్డును సిస్టమ్ ఆన్‌లో ఉండగానే జేట్యాగ్ (చిప్‌ను ప్రోగ్రామ్ చేసే కేబుల్) ద్వారా రీప్రోగ్రామ్ చేస్తాం. చేసిన వెంటనే డ్రైవర్‌కు అన్నీ ఎఫ్‌లే. రీబూట్ చేస్తే బాగవుతుంది. రోజంతా రీబూట్లతోనే సరిపోతోంది. ఒక సర్వర్‌లో అయితే సిస్టమే హ్యాంగ్ అవుతోంది. దారి చెప్పండి.
– హార్డ్‌వేర్ ఇంజినీర్, హైదరాబాద్

రీప్రోగ్రామ్ చెయ్యగానే చిప్‌లో ఉన్న పీసీఐ బ్లాక్ కూడా కొత్తగా పుడుతుంది. బయాస్ రాసిన బార్లు సున్నాలైపోతాయి, కమాండ్ రిజిస్టర్‌లో మెమరీ బిట్ ఆరిపోతుంది. కెర్నల్‌కు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, డ్రైవర్ పాత అడ్రసును తడుముతూనే ఉంటుంది. సర్వర్ హ్యాంగ్ ఎందుకంటే, లింకు హఠాత్తుగా పోవడాన్ని కొన్ని సర్వర్లు ప్రాణాంతక ఎర్రర్‌గా లెక్కేసి ఆగిపోతాయి.

వరస మార్చండి. ముందు డ్రైవర్ అన్‌లోడ్ చెయ్యండి. సిస్ ఎఫ్ఎస్‌లో (కెర్నల్ పరికరాలను ఫైళ్లుగా చూపే చోట) మీ కార్డు డైరెక్టరీలోని రిమూవ్ ఫైల్లో 1 రాయండి, కెర్నల్ దాన్ని జాబితానుంచి తీసేస్తుంది. ఇప్పుడు రీప్రోగ్రామ్ చెయ్యండి. తర్వాత పీసీఐ బస్ కింద ఉన్న రీస్కాన్ ఫైల్లో 1 రాస్తే కెర్నల్ మళ్లీ వెతికి, బార్ల సైజు చూసి, అడ్రసులు తనే ఇస్తుంది. సర్వర్ హ్యాంగ్‌కు మాత్రం, ప్రోగ్రామ్ చేసేంతసేపు పైనున్న పోర్టులో ఎర్రర్ రిపోర్టింగ్ ఆపాల్సి రావచ్చు.

దీంతో మీరు తప్పకుండా ఇరుక్కునే చోటొకటి ఉంది. రీస్కాన్‌లో కెర్నల్ ఇవ్వగలిగేది పై బ్రిడ్జి విండోలో ఉన్నంతే. ఆ విండోను బూట్‌లో అప్పుడున్న కార్డును చూసి బయాస్ కొలిచింది. ఉదయం ఒక మెగాబైటు బార్ ఉన్న డిజైన్‌తో బూట్ చేసి, మధ్యాహ్నం 64 మెగాబైట్ల డిజైన్ ఎక్కిస్తే లాగ్‌లో 'నో స్పేస్', దాని కింద 'ఫెయిల్డ్ టు అసైన్' వస్తాయి. కార్డు మీద ఫ్లాష్‌లో మీ డిజైన్లన్నింటిలోకీ పెద్ద బార్లున్నదాన్ని పెట్టి ఉంచండి. బూట్‌లో అది చోటు పట్టిపెడుతుంది, తర్వాత ఏ చిన్నదాన్ని ఎక్కించినా ఇరుకు ఉండదు. పవర్ ఆన్‌లో కార్డు అసలు కనిపించక, వెంటనే రీస్టార్ట్ చేస్తే కనిపిస్తుంటే అది వేరే జబ్బు. రీసెట్ అయ్యాక పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఇచ్చే గడువు 100 మిల్లీసెకండ్లు. ఫ్లాష్‌నుంచి పెద్ద బిట్‌స్ట్రీమ్ ఎక్కేలోపు బయాస్ లెక్కలు ముగించి వెళ్లిపోతుంది. జైలింక్స్ ఎఫ్‌పీజీఏ చిప్పుల్లో టాండెమ్ కాన్ఫిగరేషన్ దీనికోసమే పెట్టారు, పీసీఐ భాగం ముందు లేస్తుంది, మిగతాది తర్వాత.

సార్, లైనక్స్‌లో ఫ్యాన్ స్పీడు చూద్దామని ఎన్‌సీటీ6775 మాడ్యూల్ (బోర్డు సెన్సార్ చిప్ డ్రైవర్) లోడ్ చేస్తే 'డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ' అంటోంది. 'ఏసీపీఐ ఎన్‌ఫోర్స్ రిసోర్సెస్'కు 'లాక్స్' (తాళాలు కాదు, సడలింపు) అని బూట్ లైన్‌లో పెట్టమని స్నేహితుడు చెప్పాడు. పెడితే పనిచేసింది. ఏమైనా ప్రమాదమా?
– బీటెక్ విద్యార్థి, విశాఖపట్నం

ప్రమాదం ఉంది, రోజూ కాకపోవచ్చు. ఆ సెన్సార్ చిప్‌ను చదివే పద్ధతి ఏమిటంటే, మామూలుగా హెక్సా 295 పోర్టులో రిజిస్టర్ నంబరు రాసి, 296 పోర్టులో విలువ చదవాలి లేదా రాయాలి. మీ బోర్డు ఫర్మ్‌వేర్‌లోని ఏసీపీఐ (హార్డ్‌వేర్ వివరాలు ఓఎస్‌కు అందించే ఏర్పాటు) కోడ్ కూడా అవే రెండు పోర్టులు నావి అని ప్రకటించింది. డ్రైవర్ 295లో నంబరు రాసిన క్షణానికీ 296 తాకే క్షణానికీ మధ్యలో ఫర్మ్‌వేర్ కోడ్ వచ్చి వేరే నంబరు రాస్తే, మీరు ఫ్యాన్ అనుకుని రాసింది ఇంకో రిజిస్టర్‌లో పడుతుంది. ఉష్ణోగ్రత తప్పు చదివితే నవ్వుకోవచ్చు, రాత తప్పితే నవ్వు రాదు. ఇద్దరికీ కలిపి తాళం లేదు కాబట్టే కెర్నల్ ముందుగానే బిజీ అని ఆపింది.

ఇంట్లో మీ సొంత సిస్టమ్‌లో కేవలం చదవడానికైతే మీ ఇష్టం. ఫ్యాన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ మాత్రం దాని మీద నడపకండి. కాలేజీ సర్వర్‌లో ఆ ఆప్షన్ పెట్టనే వద్దు. కొన్ని ఆసుస్ బోర్డులకు ఫర్మ్‌వేర్‌నే డబ్ల్యూఎంఐ అనే దారిలో అడిగి చదివే ఏర్పాటు కొత్త కెర్నల్స్‌లో ఉంది. మీది ఆ జాబితాలో ఉంటే ఏ ఆప్షనూ అక్కర్లేదు.

నమస్తే సార్. మేం సర్వర్ బోర్డులకు యూఈఎఫ్ఐ రాస్తాం. ఒక మేనేజ్‌మెంట్ పరికరానికి బూట్‌లో మేమిచ్చిన బార్ అడ్రసును సెక్యూర్ ఫర్మ్‌వేర్ (ఓఎస్‌కు అందకుండా నడిచే కోడ్) గుర్తుపెట్టుకుని, తర్వాత ఎర్రర్లు అందులో రాస్తుంది. ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ రకం) బోర్డులో బాగుంది. ఆర్మ్ బోర్డులో లైనక్స్ లేచాక అడ్రసు మారిపోయి, రాత ఎక్కడో పడుతోంది. మార్చొద్దని లైనక్స్‌కు ఎలా చెప్పాలి?
– డల్లాస్ నుంచి

ఎక్స్86 మీద లైనక్స్ బయాస్ లెక్క సరిగ్గా ఉంటే దాన్నే ఉంచుతుంది. ఆర్మ్ మీద మొదటినుంచీ ఉన్న అలవాటు వేరు, ఫర్మ్‌వేర్ పంచినదాన్ని పక్కనపెట్టి తనే మళ్లీ పంచుకుంటుంది. ఉంచమని చెప్పడానికి మీ ఏసీపీఐ పట్టికలో పీసీఐ హోస్ట్ బ్రిడ్జి కింద డీఎస్ఎం మెథడ్ ఫంక్షన్ 5 పెట్టి, అది సున్నా ఇచ్చేలా రాయండి. ఫర్మ్‌వేర్ అమరికను ఓఎస్ తోసిపుచ్చకూడదని దాని అర్థం. ఏసీపీఐకి బదులు డివైస్ ట్రీతో బూట్ చేసే బోర్డైతే 'లైనక్స్, పీసీఐ ప్రోబ్ ఓన్లీ' అనే ప్రాపర్టీ ఉంది. ఒకసారి అలా చెప్పాక మీ పంపకం తప్పులు లేకుండా ఉండాలి మరి. బ్రిడ్జి విండో చాలక ఏదైనా కార్డు మిగిలిపోతే దిద్దే అవకాశం కెర్నల్‌కు మీరే లేకుండా చేశారు.

ఇంతవరకే చేసి ఊరుకుంటే మాత్రం నేను ఒప్పుకోను. ఎక్స్86 బోర్డులో బాగుందన్నారు. కస్టమర్ 'పీసీఐ ఈక్వల్స్ రీఅలాక్' అని బూట్ లైన్‌లో పెట్టుకుంటే అక్కడా అడ్రసు కదలొచ్చు. అంతకన్నా పెద్ద చిక్కు భద్రతది. ఓఎస్‌లో రూట్ అధికారం దొరికినవాడు ఆ బార్‌ను కావాలని మార్చగలడు. మీ సెక్యూర్ కోడ్ బార్ చదివి గుడ్డిగా రాస్తే, వాడు బార్‌ను సెక్యూర్ మెమరీ వైపు తిప్పి మీ చేత్తోనే మీ మెమరీ చెరిపిస్తాడు. ఎస్ఎంఎం (ఎక్స్86లో ఓఎస్‌కు కనబడకుండా ఫర్మ్‌వేర్ నడిచే మోడ్) కోడ్ మీద ఈ తరహా దాడులు బయటపడ్డాయి కూడా. కాబట్టి బూట్‌లో గుర్తుపెట్టుకున్న అడ్రసు మీద నమ్మకం పెట్టుకోకండి, ఇప్పుడు బార్‌లో ఉన్నదాని మీద కూడా పెట్టుకోకండి. రాసే ప్రతిసారీ బార్ చదవండి, కమాండ్ రిజిస్టర్‌లో మెమరీ బిట్ ఆన్‌లో ఉందా చూడండి, ఆ అడ్రసు పీసీఐకి కేటాయించిన హద్దుల్లోనే ఉందా, ర్యామ్ మీదా సెక్యూర్ స్థలం మీదా పడటం లేదా చూడండి. ఏ ఒక్కటి తేడా వచ్చినా ఆ ఎర్రర్ రికార్డును వదిలేయండి. వీలైతే ఆ పరికరాన్ని ఓఎస్ కంటికి కనబడకుండా దాచి, పీసీఐ పంపకంలోకే రాని స్థిరమైన అడ్రసు ఇచ్చే డిజైన్‌ను తర్వాతి బోర్డుకు అడగండి. హార్డ్‌వేర్ టీమ్ ఒప్పుకోవడానికి టైమ్ పడుతుంది, ఇప్పుడే మెయిల్ పెట్టండి.